ఈజీఎఫ్ ఈస్ట్రోజెన్‌ను తగ్గిస్తుందా, అండాన్ని విడుదల చేయిస్తుందా? రెండూ ఒకే పని

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. అండాశయంలో హార్మోన్లు తయారు కావడానికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లు ఉండగా మధ్యలో ఈ గ్రోత్ ఫ్యాక్టర్ల (కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రొటీన్ల) గోల ఏమిటి అన్నది ఒకటి. ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ ఈస్ట్రోజెన్‌ను తగ్గిస్తుందని ఒకచోట, అండం విడుదల కావాలంటే ఈజీఎఫ్ దారే దిక్కని ఇంకోచోట చదివి ఏది నమ్మాలో తెలియట్లేదు అన్నది రెండోది. ఇంకో నెలలో ప్రాజెక్టు కోసం ఆవు అండాశయంలోని గ్రాన్యులోసా కణాలు ప్లేట్లలో పెంచబోతున్నానని కూడా రాశారు. అలాగైతే ఈ చిక్కు ఇప్పుడే విప్పుకోవాలి, లేకపోతే ప్లేట్ల మీద ప్లేట్లు వృథా అవుతాయి. నేను చాలా ఏళ్లు ఆ కణాలతోనే గడిపాను. మీరు చదివిన రెండు మాటలూ నిజమే. అసలు ఆ రెండూ ఒకటే మాట. అక్కడికి చేరాలంటే కొంచెం వెనక నుంచి రావాలి.

ముందు ఎవరి పని ఏమిటో చూద్దాం. పెరుగుతున్న ఫాలికల్‌లో, అంటే అండాన్ని పెంచే చిన్న సంచిలో, అండం చుట్టూ గ్రాన్యులోసా కణాల పొరలుంటాయి. వాటి బయట పలుచని గోడ, ఆ గోడ అవతల థీకా కణాలు. ఎల్‌హెచ్ తగిలితే థీకా కణాలు కొలెస్ట్రాల్ నుంచి ఆండ్రోజెన్లు చేస్తాయి. గ్రాన్యులోసాకు ఆ పని చేతకాదు, దానికి కావలసిన సీవైపీ17 ఎంజైము వాటి దగ్గర లేదు. కానీ ఆండ్రోజెన్ అందిస్తే చాలు, ఎఫ్‌ఎస్‌హెచ్ అండతో అరోమటేజ్ అనే ఎంజైమును తయారుచేసుకుని దాన్ని ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తాయి. ఒకరు నూలు వడికితే ఇంకొకరు నేసినట్టు. ఈ పొత్తును 1959లో బెంగ్ట్ ఫాల్క్ చూపించిన తీరు నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. ఎలుక కంటి ముందు గదిలో థీకా కణాలను, గ్రాన్యులోసా కణాలను విడివిడిగానూ కలిపీ నాటి, ఈస్ట్రోజెన్ తగిలితే మారే కణజాలం ముక్కను పక్కన పెట్టాడు. రెండు రకాల కణాలూ కలిసి ఉన్నప్పుడే ఆ ముక్కలో మార్పు స్పష్టంగా కనిపించింది. అండం విడుదలయ్యాక ఈ రెండు రకాల కణాలే రూపం మార్చుకుని కార్పస్ లూటియంగా ఏర్పడి ప్రొజెస్టిరాన్ చేస్తాయి.

ఇక్కడి వరకు పాఠ్యపుస్తకం. ఇప్పుడు నా తొలి ఏడాది సంగతి.

కణాలు బాగా పెరగాలని వాటిని పెంచే ద్రవంలో, అంటే మీడియంలో, పది శాతం సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) పోశాను. అన్ని కణాలకూ అదే పోస్తారు కదా అనుకున్నాను. మూడో రోజుకి ప్లేటు నిండిపోయింది. కణాలు చదునుగా, చక్కగా పరుచుకున్నాయి. సూక్ష్మదర్శినిలో చూసి మురిసిపోయాను. తీరా మీడియం కొలిస్తే ఈస్ట్రడయోల్ (ముఖ్యమైన ఈస్ట్రోజెన్) దాదాపు సున్నా, ప్రొజెస్టిరాన్ మాత్రం రోజురోజుకీ ఎక్కువ. కిట్ పాడైందనుకుని మూడు సార్లు కొలిచాను. కిట్‌లో ఏ లోపమూ లేదు. సీరంలో ఉండే రకరకాల గ్రోత్ ఫ్యాక్టర్లు తగలగానే ఆ కణాలు తమ ఫాలికల్ దశ అయిపోయిందన్నట్టు లూటియల్ కణాల, అంటే కార్పస్ లూటియం కణాల, బాట పట్టేశాయి. ఆ తర్వాత సీరం పూర్తిగా తీసేసి, కొద్దిగా ఇన్సులిన్, కొద్దిగా ఐజీఎఫ్-1 (ఇన్సులిన్‌ను పోలిన గ్రోత్ ఫ్యాక్టర్), ఇంకా కొద్దిగా ఎఫ్‌ఎస్‌హెచ్, ముడిసరుకుగా ఆండ్రోస్టీన్‌డయోన్ అనే ఆండ్రోజెన్ పెట్టి చూశాను. కణాలు పరుచుకోలేదు. గుండ్రంగా, ద్రాక్ష గుత్తుల్లా ముద్దలు కట్టి, చూడటానికి ఏదో జబ్బు చేసినట్టు ఉన్నాయి. కానీ ఆరు రోజులూ ఈస్ట్రడయోల్ పెరుగుతూనే పోయింది.

గ్రోత్ ఫ్యాక్టర్ అనే పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తుందని ఆ రోజు అర్థమైంది. ఆ పేర్లు కనిపెట్టినచోట పెట్టినవి. స్టాన్లీ కోహెన్ ఎలుక లాలాజల గ్రంథి నుంచి తీసిన పదార్థాన్ని పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కిస్తే వాటి కళ్లు ముందే తెరుచుకున్నాయి. దాని నుంచే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, అంటే ఈజీఎఫ్, అన్న పేరు వచ్చింది. రీటా లెవీ-మోంటాల్చినీతో కలిపి ఆయనకు 1986లో నోబెల్ ఇచ్చారు. చర్మం దగ్గర పెట్టిన పేరును అండాశయం దాకా మోసుకొచ్చి, ఇక్కడ కూడా పెరగమనే చెబుతుంది అనుకుంటే ఎలా? చాలాసార్లు అది చెప్పేది పెరగమని కాదు, పని మార్చుకోమని.

ఇప్పుడు ఎఫ్‌ఎస్‌హెచ్ ఒక్కటే చాలదా అన్న ప్రశ్న. చాలదు. ఎఫ్‌ఎస్‌హెచ్ కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచుతుంది. అది ఒక దారి. అరోమటేజ్ జన్యువు గట్టిగా పనిచేయాలంటే ఏకేటీ అనే ఇంకో దారి కూడా తెరుచుకోవాలి. దాన్ని తెరిచేది ప్రధానంగా ఐజీఎఫ్ రిసెప్టర్, అంటే కణం మీద ఐజీఎఫ్ కబురు అందుకునే ప్రొటీన్. మనిషి గ్రాన్యులోసా కణాలు ఐజీఎఫ్-2ను తామే తయారుచేసుకుంటాయి, ఎలుకలో ఈ పని ఎక్కువగా ఐజీఎఫ్-1ది. మనిషి కణాల్లో ఆ రిసెప్టర్‌ను మందుతో మూసేస్తే ఎఫ్‌ఎస్‌హెచ్ ఎంత పోసినా అరోమటేజ్ లేవదు. గ్రాన్యులోసాలో మాత్రమే ఆ రిసెప్టర్ లేకుండా చేసిన ఎలుకల్లో ఫాలికల్స్ మధ్యలోనే ఆగిపోయి, సంతానమే కలగలేదు. అటు నుంచి చూస్తే ఐజీఎఫ్ తగిలిన కణం ఎఫ్‌ఎస్‌హెచ్‌కు ఇంకా బాగా స్పందిస్తుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయన్నమాట.

అయితే ఐజీఎఫ్ ఉంటే సరిపోదు, అది విడిగా దొరకాలి. ఫాలికల్ ద్రవంలో దాన్ని పట్టుకుని కూర్చునే ప్రొటీన్లు ఉంటాయి. వాటిలో ఐజీఎఫ్‌బీపీ-4 ముఖ్యం. పట్టు విడిపించాలంటే దాన్ని కోసే కత్తెర కావాలి. ఆ కత్తెర పేరు వింటే ఆశ్చర్యపోతారు: పాప్-ఏ. గర్భం తొలి మూడు నెలల్లో చేసే స్క్రీనింగ్ రిపోర్టులో కనిపించే పాప్-ఏ ఇదే. ఈస్ట్రోజెన్ బాగా చేస్తున్న ఫాలికల్‌లో ఈ కత్తెర చురుగ్గా ఉంటుంది, వెనకబడ్డ ఫాలికల్‌లో ఐజీఎఫ్ బందీగానే ఉండిపోతుంది. ప్రతి నెలా పోటీలో దిగిన కొన్ని ఫాలికల్స్‌లో ఒక్కటే ఎందుకు గెలుస్తుందంటే దీనికీ అందులో పెద్ద వాటా ఉంది. పెరిగే ఈస్ట్రోజెన్, ఇన్‌హిబిన్ అనే ఇంకో హార్మోన్ కలిసి పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్‌ను తగ్గిస్తాయి. ఆ తక్కువ ఎఫ్‌ఎస్‌హెచ్‌తో నెట్టుకురాగలిగేది చేతిలో ఐజీఎఫ్ ఉన్నదే. మిగతావి కుంగిపోతాయి.

థీకా వైపు కూడా ఇలాంటి మంతనాలే. గ్రాన్యులోసా చేసే ఇన్‌హిబిన్ రక్తంలో పిట్యూటరీకి వెళ్లడమే కాదు, గోడ దాటి పక్కనున్న థీకాను ఇంకా ఆండ్రోజెన్ చెయ్యమని కూడా అడుగుతుంది. ముడిసరుకు అయిపోతోంది, ఇంకా పంపండి అన్నట్టు. ఆక్టివిన్, బీఎంపీ-4, బీఎంపీ-7 అనే ఫ్యాక్టర్లు దానికి అడ్డుకట్ట. చిన్న ఫాలికల్‌లో అడ్డుకట్ట బలంగా, పెద్ద ఫాలికల్‌లో ఇన్‌హిబిన్ మాట బలంగా ఉంటుంది. అందుకే ఆండ్రోజెన్ ఎప్పుడు ఎంత కావాలో అప్పుడు అంత వస్తుంది. ఇది చెడితే ఏమవుతుందో పీసీఓఎస్‌లో (చిన్న ఫాలికల్స్ పేరుకుని, ఆండ్రోజెన్ పెరిగే అండాశయ సమస్యలో) చూస్తాం.

పీసీఓఎస్‌లో ఇన్సులిన్ సంగతి విడిగా చెప్పుకోవాలి, చాలామంది ఇక్కడే తడబడతారు. ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటున్నారు కదా, మరి అండాశయం ఇన్సులిన్ మాట వినడమేంటి అని అడుగుతారు. రెసిస్టెన్స్ గ్లూకోజ్‌ను లోపలికి తీసుకునే దారిలో ఉంటుంది. కండరం, కొవ్వు మొండికేస్తాయి, క్లోమం ఇంకా ఇన్సులిన్ వదులుతుంది. థీకా మాత్రం హార్మోన్ తయారీ విషయంలో ఆ పెరిగిన ఇన్సులిన్‌కు స్పందిస్తూనే ఉంటుంది. ఎల్‌హెచ్‌తో కలిసి అది ఆండ్రోజెన్‌ను ఎగదోస్తుంది. అదే ఇన్సులిన్ కాలేయంలో టెస్టోస్టిరాన్‌ను పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ తయారీని తగ్గిస్తుంది కాబట్టి రక్తంలో విడిగా తిరిగే టెస్టోస్టిరాన్ మరీ ఎక్కువవుతుంది. గ్రాన్యులోసాలోనూ తేడా వస్తుంది. మామూలుగా ఫాలికల్ 10 మిల్లీమీటర్లకు దగ్గరపడ్డాకే అవి ఎల్‌హెచ్‌కు స్పందించడం మొదలుపెడతాయి. అండం విడుదల కాని పీసీఓఎస్‌లో 4 మిల్లీమీటర్ల ఫాలికల్ కణాలే స్పందిస్తాయి, ఇన్సులిన్ దాన్ని ఇంకా పెంచుతుంది. చిన్నప్పుడే పెద్దరికం మీదపడ్డట్టు అవి అక్కడితో ఎదుగుదల ఆపేస్తాయి. ఏఎంహెచ్ కూడా ఇందులో చెయ్యి వేస్తుంది. గ్రాన్యులోసాయే చేసుకునే ఆ ఫ్యాక్టర్ పని ఎఫ్‌ఎస్‌హెచ్‌కు స్పందనను తగ్గించడం. మామూలు ఫాలికల్ 8 మిల్లీమీటర్లు దాటేసరికి అది తగ్గిపోతుంది, పీసీఓఎస్‌లో చిన్న ఫాలికల్స్ బోలెడు ఉండటంతో రక్తంలో బాగా ఎక్కువగా కనిపిస్తుంది.

ఇప్పుడు చాలామంది మర్చిపోయే పాత్ర: అండం. దాన్ని అందరూ మోయబడే పసిపాపలా చూస్తారు. నిజానికి ఇంటి పెత్తనం చాలావరకు దానిదే. అండం వదిలే జీడీఎఫ్-9, బీఎంపీ-15 అనే రెండు ఫ్యాక్టర్లు చుట్టూ ఉన్న గ్రాన్యులోసాను గ్రాన్యులోసాగానే ఉంచుతాయి. 1970లో కుందేళ్ల మీద ఒక ప్రయోగం వచ్చింది. ఎల్‌హెచ్ ఉప్పెన (అండం విడుదలకు ముందు ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగసిపడటం) ఏదీ లేకుండానే, ఫాలికల్ నుంచి అండాన్ని మాత్రం పీల్చేశారు. మిగిలిన కణాలు వాటంతటవే లూటియల్ కణాల్లా మారిపోయాయి. అంటే ప్రొజెస్టిరాన్ చెయ్యడం ఆ కణాలకు ఎప్పుడూ చేతనైన పనే, అండం చెయ్యనివ్వట్లేదు అంతే. నా సీరం ప్లేటు గుర్తుందా? అక్కడ కూడా అండం లేదు. నేను పోసిన సీరం ఒక కారణం, అండం నోరు మూగబోవడం ఇంకో కారణం.

జీడీఎఫ్-9 లేకుండా పుట్టించిన ఎలుకల గురించి 1996లో వచ్చిన పరిశోధన ఇంకో కోణం చూపించింది. ఫాలికల్స్ ఒక్క పొర గ్రాన్యులోసాతో ఆగిపోయాయి, బయట థీకా పొరే ఏర్పడలేదు. అండం తన ఆండ్రోజెన్ తయారీదారులను తానే పిలిపించుకుంటుందన్నమాట. గొర్రెల కథ మరీ విడ్డూరం. న్యూజిలాండ్ ఇన్‌వర్‌డేల్ గొర్రెల్లో బీఎంపీ-15 జన్యువులో లోపం ఉంది. ఒక కాపీ పాడైతే అండాలు ఎక్కువ విడుదలై కవలలు పుడతాయి. రెండు కాపీలూ పాడైతే ఆ గొర్రె గొడ్డుపోతుంది. బూరూలా గొర్రెల్లో లోపం బీఎంపీ రిసెప్టర్‌లో ఉంది. అక్కడ గ్రాన్యులోసా కణాలు ఫాలికల్ చిన్నగా ఉండగానే ముదురుతాయి. ఒక పెద్ద ఫాలికల్ చేసే ఈస్ట్రోజెన్‌ను నాలుగైదు చిన్న ఫాలికల్స్ కలిసి చేస్తాయి, పిట్యూటరీకి తేడా తెలియదు, అన్నీ కలిసి అండాలు వదులుతాయి.

ఇక మీ అసలు చిక్కు. 1980ల మొదట్లో ఎలుక గ్రాన్యులోసా కణాలకు ఎఫ్‌ఎస్‌హెచ్‌తో పాటు ఈజీఎఫ్ కలిపితే ఈస్ట్రోజెన్ పడిపోయింది, ఎల్‌హెచ్ రిసెప్టర్లు కూడా రాలేదు. మీరు చదివిన మొదటి పాఠం అది. రెండోది 2004 నాటిది. ఎల్‌హెచ్ ఉప్పెన వచ్చినప్పుడు అండం గానీ, దాన్ని అంటిపెట్టుకున్న క్యుములస్ కణాలు గానీ ఆ మాట నేరుగా వినలేవు, వాటిలో ఎల్‌హెచ్ రిసెప్టర్లు దాదాపు ఉండవు. బయటి వరస గ్రాన్యులోసా విని, కొద్ది గంటల్లోనే ఆంఫిరెగ్యులిన్, ఎపిరెగ్యులిన్, బీటాసెల్యులిన్ అనే ఈజీఎఫ్ కుటుంబపు ఫ్యాక్టర్లను వదులుతుంది. అవి లోపలి వరస మీద ఈజీఎఫ్ రిసెప్టర్‌ను తట్టాక క్యుములస్ జిగురుగా విచ్చుకుంటుంది, అండం ఆగిన విభజనను మళ్లీ మొదలుపెడుతుంది. మనిషిలో ఉప్పెన మొదలైన సుమారు 36 గంటలకు అండం బయటపడుతుంది.

ఇప్పుడు ఒక్క విషయం కలపండి. ఎల్‌హెచ్ ఉప్పెన తర్వాత ఈస్ట్రోజెన్ ఏమవుతుంది? పడిపోతుంది. పడిపోవాలి కూడా, ఎందుకంటే ఆ కణాలు ఈస్ట్రోజెన్ కొలువు వదిలి ప్రొజెస్టిరాన్ కొలువులో చేరే సమయమది. ఆ మార్పు చేయించేవాటిలో ఈజీఎఫ్ రిసెప్టర్ కింద నడిచే ఈఆర్‌కే దారి ముఖ్యమైనది. 2009లో ఎలుకల గ్రాన్యులోసాలో ఈఆర్‌కేను తీసేసి చూస్తే అండం విడుదల కాలేదు, లూటియల్ మార్పు రాలేదు, ఆగిపోవలసిన అరోమటేజ్ జన్యువు ఆగకుండా నడుస్తూనే ఉంది. అర్థమైంది కదా? పాత ప్రయోగంలో ఈజీఎఫ్ చేసింది ఇదే పని. ముందు రోజుల్లో, ఇంకా ఎదుగుతున్న కణానికి ఆ కబురు వేళ కాని వేళ అందించారు కాబట్టి అది ఈస్ట్రోజెన్‌కు శత్రువులా కనిపించింది. వేళకు అందితే అదే అండోత్సర్గం.

కార్పస్ లూటియం దగ్గర, రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ఫ్యాక్టర్ కథ వేరే రకం, నాకు బాగా ఇష్టమైనది కూడా. అది హార్మోన్ కణంతో దాదాపు మాట్లాడకుండానే హార్మోన్‌ను పెంచుతుంది. ఎలాగంటే, అండం విడుదలయ్యేదాకా గ్రాన్యులోసా పొరలో రక్తనాళాలే ఉండవు. ప్రొజెస్టిరాన్ చెయ్యాలంటే కొలెస్ట్రాల్ కావాలి. దాన్ని మోసే ఎల్‌డీఎల్ కణికలు పెద్దవి, గోడ దాటి లోపలికి రాలేవు. అంటే పనివాళ్లు సిద్ధంగా ఉన్నా సరుకు రాదు. ఎల్‌హెచ్ ఉప్పెనతో కణాలు వీఈజీఎఫ్ వదులుతాయి, గోడ చెదురుతుంది, నాళాలు లోపలికి చొచ్చుకొస్తాయి. కొద్ది రోజుల్లోనే దాదాపు ప్రతి లూటియల్ కణం పక్కనా ఒక కేశనాళిక ఉంటుంది. బరువుతో పోలిస్తే శరీరంలో అత్యధికంగా రక్తం ప్రవహించే చోట్లలో కార్పస్ లూటియం ఒకటి. అంత చిన్న ముద్ద రోజుకు 25 నుంచి 40 మిల్లీగ్రాముల దాకా ప్రొజెస్టిరాన్ చెయ్యగలిగేది అందుకే. 1998లో ఎలుకల్లో వీఈజీఎఫ్‌ను అడ్డుకుంటే కార్పస్ లూటియంలో నాళాలు అల్లుకోలేదు, అది ఎదగనే లేదు. ఇదే వీఈజీఎఫ్ మితిమీరితే నాళాలు కారడం మొదలై కడుపులో నీరు చేరుతుంది. ఐవీఎఫ్‌లో ఎల్‌హెచ్ లాగే పనిచేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్ తర్వాత డాక్టర్లు భయపడే ఓహెచ్‌ఎస్‌ఎస్ (అండాశయం అతిగా ప్రేరేపితమయ్యే సమస్య) అదే. దాన్ని తగ్గించడానికి ఇచ్చే కాబర్‌గోలిన్ వీఈజీఎఫ్ రిసెప్టర్ పనికి అడ్డుపడుతుంది.

మీ అక్కగారికి ఎవరో చెప్పిన పీఆర్‌పీ ఇంజెక్షన్ గురించి కూడా అడిగారు. అది సొంత రక్తంలోని ప్లేట్‌లెట్లను గాఢం చేసి, వాటిలోని గ్రోత్ ఫ్యాక్టర్లను అండాశయంలోకి ఎక్కించడం. పైన చెప్పినదంతా చదివాక మీకే అనుమానం రావాలి: ఏ దశలో ఉన్న ఏ కణానికి, ఏ ఫ్యాక్టర్, ఎంత? ఆ కలగూరగంప ఇవేవీ చూడదు. పిల్లలు పుట్టే అవకాశాన్ని పెంచుతుందని చెప్పడానికి గట్టి రుజువు ఇప్పటికి లేదు. ఐజీఎఫ్ పెరుగుతుందన్న ఆశతో ఇచ్చే గ్రోత్ హార్మోన్‌కు కాస్త నయమైన తర్కం ఉంది, కానీ అందిన ఫలితాలు కలగలుపుగానే ఉన్నాయి. రక్తంలో ఐజీఎఫ్-1 అడుగంటే లారాన్ సిండ్రోమ్‌లో కూడా పిల్లల్ని కన్న స్త్రీలున్నారు. ఫాలికల్‌కు ముఖ్యం లోపల తయారయ్యేది, రక్తంలో తిరిగేది అంతగా కాదు. నేను మీ డాక్టర్‌ని కాను కాబట్టి అక్కగారిని తన డాక్టర్‌నే రుజువు ఏముందని సూటిగా అడగమనండి.

ఇక ప్లేటు సంగతి. సీరం వద్దు, బదులుగా ఆల్బుమిన్ వాడండి. ఇన్సులిన్ నానోగ్రాముల్లోనే ఉండాలి. రెడీమేడ్ సప్లిమెంట్ సీసాల్లో అది మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, ఆ మోతాదులో అది ఐజీఎఫ్ రిసెప్టర్‌ను కూడా తట్టేస్తుంది. అప్పుడు మీరు ఐజీఎఫ్ కలిపిన ప్లేటుకు, కలపని ప్లేటుకు తేడా కనిపించదు. ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువైతే ఆవు కణాల్లో ఈస్ట్రడయోల్ పెరగదు సరికదా తగ్గుతుంది, కాబట్టి కనీసం నాలుగు మోతాదులు పెట్టి చూడండి. 48 గంటలకోసారి మీడియం మార్చి, మార్చిన ప్రతిసారీ ఈస్ట్రడయోల్, ప్రొజెస్టిరాన్ రెండూ కొలవండి, ఒక్కటే కొలిస్తే కణం ఎటు పోతోందో తెలియదు. ఈజీఎఫ్‌ను ఒక వరసలో మొదటి రోజే, ఇంకో వరసలో నాలుగో రోజున కలపండి. ప్లేటులోని ఒక గుంటలో ఆండ్రోస్టీన్‌డయోన్ వెయ్యకుండా వదిలేయండి. అందులో కూడా ఈస్ట్రడయోల్ వస్తే మీ గ్రాన్యులోసాలో థీకా కలిసిందని అర్థం, అప్పుడు ఫాలికల్ గీకడం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.